అమ్మమ్మ చేతిలో సూది

ఆగస్టు 9, శనివారం

అక్కా,

ఈ ఉదయం కాలేజీ ఫోటో ప్రదర్శనకు వెళ్లేసరికి, నేను తీసిన అమ్మమ్మ ఫోటో తలుపంత పెద్దదై గోడ మీద కనిపించింది. కింద పేరు మాత్రం మన మావయ్య కొడుకు, బావది! బహుమతి దానికేనని అప్పుడే అందరూ అంటున్నారు.

నిలదీశాను.

"ఓసి పొట్టీ, నువ్వు ఫోన్‌లో పంపింది అగ్గిపెట్టెంత బొమ్మ. మసక వెలుతురు, ఒళ్లంతా చుక్కలు. సాఫ్ట్‌వేర్‌తో శుభ్రం చేసి, పదును పెట్టి, ఇంత పెంచింది నేనేగా? ఇక నాదే" అని అందరి ముందూ నవ్వాడు. ఒళ్లు మండిపోయింది.

కోపం దిగమింగి దగ్గరగా చూశాను. గుడ్డ కుడుతున్న అమ్మమ్మ వేళ్ల మధ్య సూది లేదు! చుక్కలతో పాటు సన్నటి సూదినీ సాఫ్ట్‌వేర్ తుడిచేసింది. బావ గమనించలేదు. నేనూ చెప్పలేదు, చెబితే వెంటనే దిద్దేస్తాడు. నువ్వూ నోరు జారకు.

అమ్మమ్మకు చెప్పాను. "రేపు నన్నూ తీసుకెళ్లవే. సూది లేకుండా ఎలా కుట్టాలో వాడినే నేర్పమంటాను" అంది.

రేపు ఉదయం న్యాయనిర్ణేతలు వచ్చే వేళకు అమ్మమ్మను ఆ ఫోటో పక్కనే నిలబెడతాను. సూది ఉన్న అసలు ఫోటో నా కెమెరాలోనే ఉంది. 'నీళ్లు నమలడం' అంటే ఏమిటో బావ ముఖంలో చూశాకే దాన్ని తెరిచి చూపిస్తాను.

నీ చెల్లి