శాలువాలో ఒక పోగు

అమ్మలూ,

మార్చి ఆరున మనం మాడిన రొట్టెలు తిన్నాం, గుర్తుందా? దారప్పోగులు కాల్చి వాసన చూస్తూ పెనం సంగతే మరిచాను. అంత చదివీ ఆ నెల బట్టల కోర్సు ప్రాక్టికల్ తప్పాను. పట్టు నాకు తెలియదా అనుకుని, కాల్చి చూడకుండానే పాలిస్టర్ ముక్కను పట్టు అని రాసి వచ్చాను. ఈరోజు మళ్లీ అదే పరీక్ష. నువ్వు లేవకముందే బయల్దేరుతున్నాను.

అన్నం, కూర వండి పెట్టాను, వేడి చేసుకో. సాసర్లలో దారాలు చెత్త అనుకుని పారెయ్యకు, రికార్డులో అంటించాలి.

మీ అమ్మకు నేను కొన్న పట్టు శాలువా ఉంది కదా. "ఇది పట్టు కాదండీ, మిమ్మల్ని బోల్తా కొట్టించారు" అని పోయేదాకా పాతికేళ్లు దెప్పింది. నేను ఒప్పుకుంటేగా! నిన్న రాత్రి దాని అంచులోంచి ఒక పోగు లాగి కాల్చాను. పట్టయితే వెంట్రుక కాలిన వాసన రావాలి. ఇది కరిగి గట్టి పూసలా అయింది, పాలిస్టరే. మీ అమ్మే గెలిచింది. ఇక ఈరోజు నేను తప్పను.

అన్నట్టు, రాత్రి నేను శాలువా మొహానికి అడ్డం పెట్టుకుని, నవ్వాపుకోలేక ఊగిపోతున్నాను. నువ్వేమో నాన్న ఏడుస్తున్నాడనుకుని, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి వెళ్లావు.