అల్మారా గడప దాటింది

నాయినా,

నువ్వు పోయిన మూడేళ్లకు, ఈ రోజు బొంబాయి కామాటిపురలోని మన ఒంటిగది ఖోలీ ఖాళీ చేశాం.

ఖోలీలోనే కూర్చుని నువ్వు చేసిన అల్మారా గది తలుపుకన్నా వెడల్పని, బయటికి పోనే పోదని అమ్మా నేనూ ఎన్నేళ్లు నవ్వాం! నువ్వూ మాతో నవ్వేవాడివి. ఇక కోయక తప్పదని, నీతో వడ్రంగం చేసిన యాదయ్య చిన్నాయనను పిలిచాం. రంపం జానెడు దిగేసరికి పైన పూసిన లప్పం రాలి, దాని కింద స్క్రూ తల కనబడింది.

"వదినె," అన్నాడు చిన్నాయన, "ఒక్క మొల గూడ కొట్టలేదు, అన్ని స్క్రూలే. ఎప్పటికైనా పెద్ద ఖోలికి పోతరని అన్న ఇప్పేతట్టు చేసిండు."

విప్పితే ప్రతి పలక వెనకా వరసగా నీ పెన్సిల్ అంకెలు.

"మేం నవ్వినప్పుడన్న చెప్పకపోయినవా," అంది అమ్మ, గోడవైపు తిరిగి.

ఫోరస్ రోడ్డు గుంతల్లో చేతిబండి కుదుపులకు గీసుకుపోకుండా పలకలకు సిమెంటు సంచులు చుట్టింది. కోత పడ్డదానికి మాత్రం నీ తలరుమాలు తీసి, దెబ్బకు కట్టు కట్టినట్టు కట్టింది.

కొత్త ఖోలీలో నీ వరస ప్రకారమే బిగించాం. నీకు అక్షరాలు రావు, అంకెలే వచ్చు. చూసుకో నాయినా, అన్నీ చేరాయి:

1 2 3 4 5 6 7 8 9