అవ్వ విత్తనానికి ఒక సాలు

వర్ని, 9-2-1996

బాపూ, నేను బాగున్నాను. రైతు సాయవ్వ ఇంట్లో నన్ను సొంత బిడ్డలా చూసుకుంటున్నారు.

ఇక్కడి పసుపు చేను నలుగురిది. కొత్త రకం విత్తనాన్ని పరిశోధన కేంద్రం ఇచ్చింది, ఎరువు వ్యవసాయ శాఖ ఇచ్చింది, మా వ్యవసాయ కాలేజీ మమ్మల్ని పంపింది, నేల సాయవ్వది. నిన్న పొద్దున్నే ఆ కొత్త రకం తవ్వాం. కొమ్ములు బొద్దుగా ఉన్నాయని సార్లు మురిసిపోయారు. సాయవ్వ ఒకటి విరిచి, కళ్లు మూసుకుని వాసన చూసింది. "మంచిగనే ఊరింది గని, మా తల్లిగారింటి పసుపు ఇంకో తీరు కమ్మగుండేది" అంది. నేనూ కళ్లు మూసుకున్నాను. చెరకు తోటల మీది మంచులో మన వాకిట్లో పసుపు ఉడికే ఆవిరి తేలి వచ్చినట్టయింది. మన అవ్వ తన తల్లిగారింటి నుంచి కొంగున కట్టుకొచ్చిన విత్తనం మన దగ్గర ఉందని, నిన్ను అడగకుండానే సార్లకు మాట ఇచ్చేశాను. వానాకాలంలో దాన్నీ కొత్తదాని పక్కనే వేసి చూస్తారట.

ఈసారి ఆ పాత రకమంతా ఉడకబెట్టి అమ్మేస్తానని దసరాకు అన్నావు. ఉడికింది మళ్లీ మొలవదు బాపూ. ఒక్క గంప పచ్చిది ఉంచు.

బర్రె ఈనిందా? అవ్వ మోకాలు ఎట్లుంది? సాయవ్వ గట్టు పక్క సాలు చూపించి, "గిది మీ అవ్వది" అంటోంది.

నీకు దండాలు. కోపం చేయకు, కార్డు మీద చిరునామా అవ్వ పేరున రాశాను. పోస్టుమన్ వాకిట్లో నిలబడి చదివి వినిపించేది ఆమెకే.

నీ బిడ్డ
గంగామణి