ముప్పదియొక్క పచ్చికుండలు కాల్చుకొనుటకు ఒక్కమారు సెలవు కోరి

పత్తికొండ తాలూకా తహసీల్దారుగారి సముఖమునకు,
సుద్దబండ గ్రామములో కాపురమున్న కుమ్మరి సుంకప్ప భార్య గిడ్డమ్మ, వయస్సు అరువదికి పైన, వ్రాసుకొన్న అర్జీ.
1-6-1955, బుధవారం

అయ్యా,

విషయం: మా ఇంటి వెనుక ఉన్న కుండలు కాల్చు ఆమును ఒక్కమారు ముట్టించుకొనుటకు అనుమతి గురించి.

ఈ అర్జీ నా చేతితో నేనే వ్రాయుచున్నాను. ఊరిలో అర్జీలు వ్రాసిపెట్టు కరణంగారు "మునసబు మీద నేనెట్ల రాస్తునమ్మా" అని తలుపు వేసుకొన్నారు. చిన్ననాడు మా నాయన జల్లించిన మట్టి మీద పుల్లతో అక్షరములు దిద్దించినాడు. నా చదువు అంతే. తప్పులుంటే మన్నించవలెను. స్టాంపు కుడివైపు అంటించవలెనో ఎడమవైపో తెలియక నడుమ అంటించినాను. అందువల్ల అర్జీ చెల్లదంటే కబురు చేయండి, మళ్లీ వ్రాస్తాను. కాని మళ్లీ వ్రాయుటకు దినములు లేవు. మృగశిర కార్తె ఏడు దినములలో వచ్చును. వాన పడితే పచ్చికుండ నిలువదు.

1. నా భర్త సుంకప్ప గత వైశాఖ బహుళ చవితి మంగళవారం పగటిపూట కాలము చేసినాడు. ఆ ఉదయమే సారె చక్రము మీద ముప్పదియొక్క కుండలు తీసినాడు. "ఇయ్యాల మట్టి శానా బాగుండాది గిడ్డీ, చెప్పినట్ల ఇంటాండాది" అన్నాడు. చేతులు కడుగుకొనుటకు లేచి పోయి, తొట్టి దగ్గర కూర్చున్నవాడు కూర్చున్నట్లే ఉండిపోయినాడు. చేతుల మట్టి నేనే కడిగినాను. ఇది అర్జీకి అవసరమో కాదో తెలియదు. వ్రాసినాను గనుక ఉండనివ్వండి.

2. పోయిన శనివారం గ్రామ మునసబు అయ్యన్నగారు వచ్చి నోటీసు ఇచ్చినారు. ఆము పొగ కొత్త బడి కట్టడము మీదికి పోయి పిల్లలకు దగ్గు వచ్చుచున్నదనియు, ఇక మీదట ఆము ముట్టించరాదనియు, ముట్టించిన యెడల పడగొట్టబడుననియు అందులో ఉన్నది. అయ్యా, ఎండకాలము సెలవులకు బడి మూసి నెల దాటినది. ఇప్పుడు ఆ అరుగు మీద మేకలు తప్ప ఎవరును లేరు. మేకలకు దగ్గు వచ్చినట్లు నోటీసులో లేదు.

"సత్తు బిందెలు వచ్చిండాయి గదమ్మే, ఇంక కుండలెవురికి కావల్ల?" అని మునసబుగారు అన్నారు. ఆ మాట అనుటకు ముందు ఎండన పడి వచ్చి మా పంచలోని కుండనీళ్లు రెండు చెంబులు తాగినారు. అది పాత కుండ. అందువల్ల వారికి ఏ దోషమును లేదు. దోషము సంగతి నాలుగవ అంకెలో వ్రాసెదను.

3. తమరు పెద్ద చదువు చదివినవారు. కుండ ఎట్లగునో దగ్గర కూర్చుండి చూచియుండరు. కావున మనవి చేయుచున్నాను. చెరువు ఎండినప్పుడు అడుగుమట్టి తెచ్చి, ఆరబెట్టి, పగులగొట్టి, జల్లించి, నానవేసి, సన్నపు ఇసుకయు బూడిదయు కలిపి కాళ్లతో తొక్కవలెను. సజ్జగింజంత రాయి మిగిలినను కాల్చునప్పుడు కుండ అక్కడనే చిట్లును. తొక్కుట నా పని. పాదమునకు రాయి తెలిసినట్లు చేతికి తెలియదు. సారె తిప్పి కుండ తీయుట మగవారి పని. మాలో ఆడది సారె ముట్టరాదు.

సారె దిగిన కుండకు నోరు ఉండును, మెడ ఉండును, అడుగు ఉండదు. దారముతో కోసిన చోట బొక్కయే. అది నీడన ఆరి కొంచెము గట్టిపడిన తరువాత లోపల గుండ్రాయి పట్టి, బయట చెక్కతో తట్టి తట్టి, మందపు గోడను సాగదీసి, అడుగు మూసి, కడుపు చేయవలెను. అది ఆడవారి పని. కావున మా ఇంటి నుండి పోయిన ఏ కుండకైనను మెడ ఆయనది, కడుపు నాది. నలువదైదేండ్లు అట్లే జరిగినది. పచ్చిగా ఉండగా తట్టితే కూలును. ఎండిన తరువాత తట్టితే పగులును. నడుమ ఒక్కపూట ఉండును. ఆ పూట ఎవరి కోసమును ఆగదు.

4. ఇది వ్రాయకూడదనుకొన్నాను. కాని తమరు విచారణకు వచ్చినచో ఎవరైనను చెప్పుదురు. అప్పుడు గిడ్డమ్మ దాచిపెట్టినదని మొదటికే మోసము వచ్చును. కావున నేనే చెప్పుచున్నాను.

చావింట పదకొండు దినములు కులవృత్తి ముట్టరాదు. నాకు తెలుసు. అందుకే కుండల మీద తడి గోనెపట్టలు కప్పి, నీళ్లు చల్లి, ఆపగలిగినంత ఆపినాను. ఎండ ఆగలేదు. మూడవ దినము ఇంటి ముందర చుట్టాలు ఏడ్చుచుండగా వెనుక పాకలోకి పోయి పట్ట ఎత్తి వేలితో నొక్కినాను. వేలు దిగలేదు, గుర్తు మాత్రము పడినది. ఇంక ఒక్కపూట ఆగితే ముప్పదియొక్కటియు అడుగులేని గొట్టములై ఎండిపోవును. చెక్క పట్టినాను. చప్పుడు కాకుండ మెల్లగా తట్టవలెననుకొన్నాను. మెల్లగా తట్టితే మట్టి సాగదు.

మా తోడికోడలు నాగక్క పరుగున వచ్చినది.

"ఏమక్కా, నీకేమన్నా మతి పోయిందా? బావ పోయి మూడు దినాలు గాలేదు, చెక్క పట్టుకుంటివే! ఊరంతా ఇనబడతాండాది."

"ఏడ్సేదానికి నాకు దినాలు శానా ఉండాయి నాగక్కా. ఇవి రేపటిదాకా ఉండవు."

"లేకపోతే పాయె! తొక్కి మళ్లా ముద్ద చెయ్. మట్టి యాడికి పోతాది?"

"మట్టి యాడికీ పోదులే. ఆ మెడలు తీసినోడు పాయె గదమ్మా."

ఆమె ఏడ్చినది. తరువాత పోయి ఊరిలో చెప్పినది. ఆమె మీద నాకు కోపము లేదు. చెప్పకుంటే ఆ దోషము తనకు చుట్టుకొనునని భయపడినది. ఆమె మగడు కాలువ పనికి పోయి దూరాన ఉన్నాడు. భయముండదా?

ఆ మాట మునసబుగారి భార్య భీమమ్మగారికి చేరినది. వారి కూతురి పెండ్లి దగ్గరలో ఉన్నది. పెండ్లికుండలు మా ఇంటి నుండియే పోవలెను. "మైలలో తట్టిన కుండలు కాలినంక ఏది మంచిదో ఏది మైలదో ఎవురు కనుక్కుంటారు? కాల్చనే వద్దు" అన్నారట. నోటీసుకు అసలు కారణము ఇది. పొగ కాదు. ఆడపిల్ల తల్లికి ఆ భయము తప్పు అని నేను అనను.

5. అయితే ఇంత గొడవ పడి ఎందుకు కాల్చవలెనని తమరు అడుగుదురు. ఈ ఊరిలో పుట్టిన ప్రతి బిడ్డకును మా కుండలోని నీళ్లే మొదట పోసినారు. పెండ్లికి మేళముతో మా వాకిటికి వచ్చి కుండలు తీసుకొని పోయినారు. పోయినవారి ముందర కొడుకు భుజము మీద మా కుండయే పోయినది. సత్తు బిందె ఇంతవరకు ఏ కాటికిని పోలేదు. ఇది మునసబుగారికి చెప్పుటకు అప్పుడు నోరు రాలేదు. వారు పోయిన తరువాత వచ్చినది.

కాని తమకు నిజము చెప్పవలెనంటే, నేను అడుగుచున్నది ఊరి కోసము కాదు. తట్టినప్పుడు కుండకు కడుపు మారిపోవును, మెడ మారదు. మెడ లోపల వేలు పెట్టి తిప్పితే ఆయన వేళ్ల గాట్లు తగులును. కుడిచేతి ఉంగరపువేలు చిన్నప్పుడు విరిగి వంకరగా అతికినది, ఆ గాటు వేరుగా తెలియును. కాలిన కుండ పగిలినను పెంకు ఉండును. పచ్చికుండకు ఒక్క వాన చాలును, మట్టి ఎవరిదో కూడ తెలియదు.

6. కావున కోరుచున్నది ఏమనగా: ఒక్క పగలు, ఒక్క రాత్రి ఆము ముట్టించుటకు సెలవు ఇప్పించవలెను. ఈ కుండలలో ఒక్కటియు నా గడప దాటదు. ఎవరికిని ఇవ్వను, ఎవరి పెండ్లికిని పోవు. తరువాత ఆమును నేనే పార పట్టి పడగొట్టుదును. అది పడగొట్టుటకు మునసబుగారు మనుషులను పంపనక్కర లేదు. మాకు బిడ్డలు లేరు, సారె పట్టువారు ఇంక ఈ ఇంట లేరు. ఆముతో నాకు పని ఏమున్నది?

ఇది పొడుగైనదని విసుగుకొనక, ఎవరిచేతనైనను కడవరకు చదివించుకొని చిత్తగించవలెను.

తమ ఉత్తరువు కోసము వాకిట కూర్చున్న విధేయురాలు,
కుమ్మరి గిడ్డమ్మ
(వ్రాలు చాలదేమోనని వేలిముద్రయు వేసినాను)

తా.క. 2వ తేదీ, గురువారం. టపాలో వేయుటకు పోవుచుండగా నాలుగు చినుకులు పడినవి. వెనుకకు పరుగెత్తినాను. అన్నియు ఇంటిలోకి చేర్చినాను గాని ఒకటి చూరు కింద తడిసినది. ఎత్తబోతే మెడ నా చేతిలోకి ఊడి వచ్చినది. కడుపు అక్కడనే కూర్చున్నది. ఇప్పుడు ముప్పది.

అయ్యా, తమ ఉత్తరువు వచ్చుదాకా నేను ఆగలేను. సోమవారం పొద్దున ముట్టించెదను. అది నేరమని తెలుసు. బంట్రోతును పంపదలచితే బుధవారం దాటిన తరువాత పంపండి. వేడిమీద ఆము విప్పితే లోపల కుండలు చిట్లును. చల్లారినంక నేనే విప్పి, అన్నియు ఇంటిలోపల దించి, ఆ బంట్రోతు వెంట వచ్చెదను.