రాతి గది ముందు పోసిన గంజి

జనవరి 6

ముందే క్షమాపణ చెప్పుకుంటున్నాను. నా రాత బాగుండదు. తప్పులు చాలా ఉంటాయి. మూడో తరగతి దాకే చదివాను, అదీ పొలం పని లేని రోజుల్లో. ఈ పుస్తకం మేనేజరమ్మ రోసౌరా పండక్కి అందరికీ ఇచ్చింది. పక్క గుడిసెలో రొట్టెలు కాల్చే చారీ దాని కాగితాలు చింపి పొయ్యి రాజేసుకుంటోంది. నాకు మనసు రాలేదు. అందుకే రాస్తున్నాను.

ఈ రోజు మా అమ్మాయి లాండీ ఊరి నుంచి ఫోన్ చేసింది. మనవరాలు సుఎమీకి వచ్చే నెల మూడో నెల నిండుతుంది. చంకకెత్తే వేడుక చెయ్యాలి. అప్పటిదాకా మా పిల్లల్ని చేతుల్లో పడుకోబెట్టే ఎత్తుకుంటాం. ఆ రోజే మొదటిసారి కాళ్ళు విడదీసి చంకలో కూర్చోబెడతారు. ఎవరు ఎత్తితే వాళ్ళ గుణం వస్తుంది.

"నువ్వే ఎత్తాలి నాన్నా. నీలాగ నెమ్మదిగా ఉండాలి నా కూతురు" అంది.

వస్తానని చెప్పాను.

జనవరి 9

ఈ ద్వీపం చూడ్డానికి ఓడ దిగిన టూరిస్టులు మా దగ్గరికి వ్యానుల్లో వస్తారు. పాత ఊరు ఇలా ఉండేది అని చూపించడానికి కట్టిన గుడిసెలు ఇవి. నా పని గుమ్మంలో కూర్చుని కిత్తనారతో తాడు పేనడం. పేనిన తాడు రాత్రికి విప్పేస్తాను. మళ్ళీ మర్నాడు అదే నార.

గుడిసెల వెనక రాతి గది ఒకటుంది. అది మాత్రం నిజంగా పాతది. మా పాతవాళ్ళు కట్టింది. చిన్నది, పైకప్పు సగం కూలింది. గుమ్మం మోకాళ్ళ మీద దూరేంత ఎత్తే. మధ్యలో కొన్నాళ్ళు దాన్ని జైలుగా కూడా వాడారని చెప్పుకుంటారు.

రోసౌరా మంచి మనిషి. నన్ను 'మీరు' అనే అంటుంది, పేరుకి ముందు గౌరవంగా 'డాన్' చేరుస్తుంది. ఈ రోజు పక్కన కూర్చుని, "తాడు ముందు ఎవరూ ఆగట్లేదు, డాన్ ఎవెలియో. ఆ గది దగ్గర ఏదైనా చెయ్యండి. చిన్నదే చాలు. మీ పెద్దవాళ్ళు చేసేవారు కదా, అలాంటిది" అంది.

సరే అన్నాను. ఎవరేమడిగినా నాకు ముందు వచ్చే మాట అదే.

జనవరి 10

చేశాను. రొట్టెల పిండికి వేసే సున్నం వెయ్యకుండా మొక్కజొన్నలు ఉడికించి గంజి కాచాం. దేవతలకు అలాగే కాస్తారు. ఎండు కాయ చిప్పలో పోసుకుని గది ముందుకెళ్ళాను. ఊరికే పెదవులు కదుపుదామనుకున్నాను. కానీ చిప్ప చేతిలోకి వచ్చాక మా నాన్న అనే మాటలే వచ్చేశాయి. నా పేరు చెప్పాను. మా ఊరి పేరు చెప్పాను. ఈ చోటు పెద్దల్ని పిలిచి, చల్లగా ఉంది, తాగండి అన్నాను.

గ్రూప్ చప్పట్లు కొట్టింది. ఒకావిడ ఏడ్చింది.

చారీ మాత్రం అట్లకాడతో సహా వచ్చి నిలబడింది. "ఏం పెద్దాయనా, నిజంగానే పిలిచేశావా? పేరూ ఊరూ కూడా చెప్పాలా? ఇంక గుర్తింపు కార్డే తక్కువ! నోరు ఊరికే ఆడిస్తే పోయేది కదా!"

నేను చిప్ప కడగడానికి పోయాను.

జనవరి 11

మళ్ళీ పోశాను. రోజూ పదింటికి షో అని బోర్డు రాసి పెట్టారు.

జనవరి 19

నిద్ర సరిగా లేదు. ఊళ్ళో మా పెదనాన్న కొడుకు తిబుర్సియోకి ఫోన్ చేశాను. వానల కోసం పూజలు చేసేది వాడే. చెప్తుంటే ముందు నవ్వాడు. తర్వాత నవ్వడం మానేశాడు.

"ఎన్నేళ్ళుగానో ఎవరూ పట్టించుకోని వాళ్ళకి నువ్వు తిండి రుచి చూపించావురా. పేరు చెప్పి మరీ పోశావు. ఇక నువ్వే పొయ్యాలి. మానేసి వచ్చావనుకో, వెతుక్కుంటూ నీ వెనకే వస్తారు. ఇంట్లో పసిపిల్ల ఉంది చూసుకో" అన్నాడు.

వేరే ఎవరైనా పోస్తే? అని అడిగాను.

"పొయ్యొచ్చు. తనంతట తనే ముందుకొచ్చి, తన పేరు చెప్పి పొయ్యాలి. నువ్వు అడిగి చేయించావా, లెక్కలోకి రాదు."

లైన్ కట్ అయింది. మళ్ళీ చెయ్యలేదు.

జనవరి 22

ఈ రోజు ఒక ఉపాయం చేశాను. చిప్ప ఎత్తి దేవుడి మాటలు అనకుండా, మా ఊరెళ్ళే బస్సు ఆగే చోట్లు చెప్పాను. ప్లాయా, తులుం, కోబా, చెమాష్, కోళ్ళ ఫారం మలుపు, మా ఊరు, లాండీ ఇల్లు. నెమ్మదిగా, మంత్రంలాగ చెప్పాను. అందరూ ఫోన్లు పైకెత్తి వీడియో తీసుకున్నారు. ఇలా చేస్తే గదిలోవాళ్ళు నన్ను కొంచెం కొంచెంగా మర్చిపోతారనుకున్నాను.

చెప్తుంటే నాకే కళ్ళు చెమర్చాయి. అది వేరే సంగతి.

జనవరి 23

గది గుమ్మంలో కందిరీగలు కుట్టాయి. కుడి చెయ్యి వాచింది. చారీ సున్నం రాస్తూ, "ఊరికే బస్సు స్టాపులు వింటూ కూర్చుంటారా ఎవరైనా? టికెట్టు కూడా ఇవ్వకపోతివి" అని నవ్వింది. కందిరీగలు ఎక్కడైనా ఉంటాయి. నాకు తెలుసు. అయినా పదింటికి ఎడమ చేత్తో పట్టుకుని మామూలు మాటలే అన్నాను.

ఫిబ్రవరి 1

ఉత్తరపు గాలి. రేవు మూసేశారు. ఓడల్లేవు, ఫెర్రీ లేదు, వ్యాన్లు లేవు. చూసేవాళ్ళు ఎవరూ లేరు గదా అని కాసేపు ఊయలలోనే పడుకున్నాను. పదయ్యేసరికి నన్నెవరూ లేపకుండానే లేచాను.

పోశాక వాన పెద్దదైంది. గదిలోకి దూరి కూర్చున్నాను. లోపల కాళ్ళు చాపుకోవడానికి లేదు. అక్కడి నుంచి చూస్తే బయట ఎవరైనా నిలబడితే మోకాళ్ళ వరకే కనిపిస్తారు. ఇందులో ఉన్నవాళ్ళకి మనుషుల ముఖాలు కనిపించి ఎన్నాళ్ళయిందో.

ఫిబ్రవరి 4

లాండీ ఫోన్. ఈ ఆదివారమే వేడుక. ఇక వాయిదా వెయ్యకూడదట, నెల దాటిపోతుంది. నేను రాకపోతే దాని మొగుడి అన్న విల్బర్త్ ఎత్తుతాడట. ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు.

విల్బర్త్ షాపుల ముందు మైకు పట్టుకుని ఫ్రిజ్‌లు అమ్ముతాడు. మైకు లేకపోయినా అలాగే మాట్లాడతాడు. పెళ్ళి భోజనంలో ఉప్పు అడిగితే అవతల వీధిలోవాళ్ళు తెచ్చిచ్చారు. ఏ షాపులోనూ ఏడాది నిలవడు. యజమాని ఒక మాటంటే తను పదంటాడు, చొక్కా దులుపుకుని వచ్చేస్తాడు.

"నా కూతురు కూడా అలాగ ఊరంతా దద్దరిల్లేలా అరవాలా నాన్నా? నువ్వు రా. ఒక్క రోజు. అంతే కదా నేనడిగేది" అంది.

వస్తానన్నాను. తిబుర్సియో చెప్పిన సంగతి దానికి చెప్పలేదు. బాలింత, భయపడుతుంది.

ఫిబ్రవరి 6

సెలవు అడిగాను. ఆదివారం రెండు ఓడలున్నాయి. రోసౌరా నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. "ఇక్కడ అసలైనవాళ్ళు మీరొక్కరే, డాన్ ఎవెలియో. మీరు లేకపోతే ఇవి ఉత్త గుడిసెలు. ఈ ఒక్క ఆదివారం ఆగండి, నా కోసం" అంది.

సరే అన్నాను.

నా గుడిసెకి తిరిగొచ్చాక గానీ దేనికి సరే అన్నానో బుర్రకెక్కలేదు.

ఫిబ్రవరి 8

నేను ఏమీ అడగలేదు. ఇది రాసి పెట్టుకోవాలి. చారీని నేను అడగలేదు.

గది ముందు చిమ్ముతున్నాను. చారీ వచ్చి, "ఏంటా ముఖం? ఎవరైనా పోయారా?" అంది. రేపు బిడ్డని చంకకెత్తే రోజని చెప్పాను. అంతే చెప్పాను. మిగతాది తనకి ఎలాగూ తెలుసు. ఈ ద్వీపంలో గోడలు పల్చన.

గుమ్మం పక్కన పెట్టిన చిప్ప అందుకుంది. గది గుమ్మం ముందు నడుం మీద చెయ్యేసుకుని నిలబడి, పక్కింటివాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడింది.

"నా పేరు రొసారియో, అందరూ చారీ అంటారు. ఈ ద్వీపంలోనే పుట్టాను, మా వాళ్ళంతా ఇక్కడే మట్టిలో ఉన్నారు. ఈ ముసలాయన రేపు ఊరెళ్తాడు. రేపటి గంజి నేను పోస్తా. రేపొక్క రోజే! ఎల్లుండి మళ్ళీ ఈయనే. పల్చగా ఉందని సణిగితే ఊరుకోను."

నా వైపు తిరిగి, "రోసౌరా సంగతి నేను చూసుకుంటా. ఓడవాళ్ళకి ముసలాడైతేనేం, ముసలిదైతేనేం. పో, స్నానం చేసి పడుకో. పిల్ల దగ్గరికి పొగ కంపుతో పోకు" అంది.

ఫిబ్రవరి 10

నిన్నటిదంతా ఈ రోజే రాస్తున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

తెల్లారి మొదటి ఫెర్రీ ఎక్కాను. సముద్రం కదలకుండా ఉంది. బస్సులో నిలబడే వెళ్ళాను. మలుపు దగ్గర దిగి నడుస్తుంటే కాళ్ళు వాటంతటవే పోయాయి.

లాండీ బల్ల మీద బిడ్డ చేతికి అందించే వస్తువులన్నీ సర్దిపెట్టింది. ఉడికించిన గుడ్డు, గుమ్మడి గింజలు, సూది దారం, కత్తెర, పెన్సిల్, పుస్తకం. మా ఆవిడ ఎప్పుడో కుట్టిన పూల అంచు గౌను వేసుకుంది, కొంచెం బిగుతైంది. బిడ్డని నా చేతుల్లో పెట్టింది. సుఎమీ బరువే లేదు. నన్ను చూసి ఏడవలేదు. నా చొక్కా బొత్తాం పట్టుకుంది.

"ఎత్తు నాన్నా" అంది లాండీ. అందరూ చుట్టూ నిలబడ్డారు.

బిడ్డ కాలు పట్టుకుని విడదియ్యబోయాను. అప్పుడు అనిపించింది. నా గుణం వస్తుంది దీనికి. నా గుణమంటే ఏది? నెమ్మది అంటుంది లాండీ. అది నెమ్మది కాదు. అడిగినవాళ్ళకల్లా సరే అనడం. తాడు పేనడం, విప్పడం. పిలిచినవాళ్ళ గుమ్మం ముందు కూర్చుండిపోవడం. ఈ పిల్ల పెద్దదై, తెల్ల గౌను వేసుకుని, ఏ రాతి గది ముందో చిప్ప పట్టుకుని రోజూ పదింటికి నిలబడినట్టు కళ్ళకి కట్టింది.

పెరట్లో విల్బర్త్ ఐసు బండివాడితో తగువు పడుతున్నాడు. "సగం కరిగిన దానికి మొత్తం డబ్బా? నేను నవ్వుతూ అడిగానని నవ్వుతున్నావా?"

విల్బర్త్‌ని పిలవండి అన్నాను.

లాండీకి అర్థం కాలేదు. "చెయ్యి నొప్పా నాన్నా? కందిరీగల వాపు తగ్గలేదా?"

కాదన్నాను. అతన్నే ఎత్తమను అన్నాను. ఎందుకని అడిగింది. చెప్పడం నాకు రాలేదు. ఎప్పుడూ రాలేదు. లాండీ ముఖం పక్కకి తిప్పుకుంది.

విల్బర్త్ వచ్చి సంగతి విని మొదటిసారి నోరు మూసుకున్నాడు. తడి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "నేనా మావయ్యా? నిజంగానా?" అని మెల్లగా అడిగాడు. అంత మెల్లగా అతను మాట్లాడగలడని నాకు తెలీదు. తర్వాత బిడ్డని అందుకుని చంకలో కూర్చోబెట్టుకుని బల్ల చుట్టూ బయల్దేరాడు. గొంతు దారిలోనే తిరిగొచ్చింది. "ఇదిగో తల్లీ, పెన్సిల్! నీ లెక్క నువ్వే రాసుకో, ఎవడికీ ఇవ్వకు! ఇదిగో కత్తెర! ఎవడైనా మీద మీదకొచ్చాడా, మీసం తీసెయ్!" ఆడవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు.

సుఎమీ బెదిరింది. ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, తర్వాత అతని చెవిలో అతనికంటే గట్టిగా అరిచింది. పక్కింటి కుక్క లేచి పారిపోయింది.

నేను గోడ పక్కన కుర్చీలో కూర్చుని నా వాటా గుడ్డు తిన్నాను.

సాయంత్రం ఫెర్రీకి బయల్దేరితే లాండీ మలుపు దాకా వచ్చింది. రొట్టెల మూట ఇచ్చింది. బస్సు కదిలాక చూస్తే ఇంకా అక్కడే నిలబడి ఉంది.

ఫిబ్రవరి 11

పోశాను. నా పేరు చెప్పాను.

ఫిబ్రవరి, తేదీ చూడలేదు

సుఎమీ, మీ అమ్మ ఫోన్ ఎత్తడం లేదు. నువ్వంటే ఇష్టం లేక ఎత్తుకోలేదనుకుంటోంది. అది కాదని నీకు చెప్పాలి. ఎవరైనా ఉండమంటే నాలాగ సరే అనకుండా ముందు అరిచెయ్యి. ఉండాలో లేదో తర్వాత చూసుకుందువు గాని. త్వరగా జవాబియ్యి తల్లీ. రాయడం ఇంకా రాదు గదా, ఫోన్ దగ్గర పెట్టి ఒకసారి గట్టిగా ఏడువు. వింటాను.