యాదయ్య కాక తోలుపట్టీ

అన్నా,

నువ్వు పోయి ఇయ్యాలకు ఏడాది. పొద్దుగాల చర్చిల నీ కోసం ప్రార్థన పెట్టిచ్చినం. అమ్మ, వదిన ఏడ్చిన్రు. నాకు ఏడుపు రాలే. అక్కడికెల్లి సీదా వచ్చి శంషాబాద్‌ల మన తోలు దుకాణం తెరిచిన.

మామిడిపల్లి యాదయ్య కాక వచ్చిండు. ఆయన పెట్టుడు కాలును తొడకు కట్టుకునే పట్టీ నువ్వే చేస్తుంటివి గదా. అది తెగితే బజార్ల కొత్తది కొన్నడంట. దాని అంచు కోసుకొని తొడ పుండైంది.

"మీ అన్న ఏడి బిడ్డా?" అన్నడు.

"లేడు కాకా, చనిపోయిండు," అన్న.

"ఇగ నాకెవరు చేస్తరు?" అనుకుంట లేవబోయిండు.

"కూసో," అన్న.

మన దుకాణంల కుట్టుడు నాది, అంచులు నీయి. నేనెన్నడు అంచు ముట్టలే. అయినా కొత్త పట్టీ కోసి కుట్టి, నువ్వు చేసినట్టే గరుకు కాగితంతోని అంచులు గుండ్రంగ రుద్దిన. తడి చేసి, నువ్వు అంచులు రుద్దే కట్టెపుల్లతోని తోలు వేడెక్కేదాక రాసిన. మైనం పెట్టి మళ్ల రాసిన. అంచు నున్నగైంది. బుగ్గకు ఆనిచ్చి చూసిన, యాడా గుచ్చలే.

కాక కట్టుకొని రోడ్డు దాక నడిచొచ్చిండు. నీ పేరు ఎత్తుతడేమో అనుకున్న.

"జర వదులైంది బిడ్డా, ఇంకో తూటు గొట్టు," అన్నడు. కొట్టిన. కుంటకుంట బస్సెక్కి పోయిండు.

ఆయన పోయినంక చూస్తే నా అరచెయ్యి బొబ్బలెక్కింది. మండుతుంది అన్నా. నువ్వు పోయినంక నాకు ఏదన్న నొచ్చుడు ఇదే మొదలు.

నీ చెల్లె