నిమ్మకాయలు నేనే తొక్కించినా

అన్నా,

శనివారం రాగానే నీ స్పోర్ట్స్ కారు టైర్లలో గాలి చూడు. బండి నడపకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూడాలంట. వెనక ఎడమ టైరు తిరగేసి బిగించినారు, దాని మీద బాణం గుర్తు వెనక్కి చూపిస్తా ఉండాది. టైర్ల షాపు అష్రఫన్నకు ఫోన్ చేస్తే ఆదివారం పొద్దున తెమ్మన్నాడు. పట్టు బాగుంటాదని మెత్తటి రబ్బరువి నువ్వే ఏరి కొంటివి. అవి ఒకేచోట నిలబడితే అడుగున చదును పడతాయంట.

కొత్త టైర్లకు పూజ చేసి అమ్మ పెట్టిన నిమ్మకాయలు ఎండి గోళీలైనాయి. నేనే తొక్కిస్తానంటివి, మూడు శనివారాలు సూళ్లూరుపేట నుంచి రాకపోతివి. గేటుకు అడ్డంగా నీ కారు, దాని వెనక నా స్కూటీ, నేను. అడిగితే "స్కూటీ కావాలంటే ముందురోజే ఫోన్ చెయ్, వచ్చి తీస్తా. కారు మాత్రం ముట్టుకోవద్దు" అంటివి. నిన్న ఆటో దొరక్క పాకాల రైలు తప్పిపోయి, పిల్లోళ్లకు సగం పరీక్ష అయినాక బడికి చేరినా. వాళ్ల ముందే హెడ్‌మాస్టరు తిట్టినాడు.

ఈ పొద్దు నిమ్మకాయలు నేనే తొక్కించినా. అమ్మ "వాడికి తెలిస్తే యాడ ఉంటావే?" అనింది, మళ్లా తనే కర్పూరం వెలిగించింది. కారుకు గీత కూడా పడలేదు.

నువ్వొచ్చేసరికి సాంబారు పొయ్యి మీద ఉంటాది, వేడి చేసుకో.

హేమ

మరిచినా. కారు ఇప్పుడు లోపల గోడవైపు ఉండాది. ఇకమీద గేటు దగ్గర నా స్కూటీ ఉంటాది. కారు కావాలంటే ముందురోజే ఫోన్ చెయ్, వచ్చి తీస్తా.